పదకొండుమంది తల్లులు, ఒక్కటే గడి

పిల్లకి అన్నం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెట్టినట్టు కాగితం మీద రాయించుకోవాలంటే మాత్రం ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఈ ముక్క చెల్లూరి మంగతాయారుకి పద్నాలుగేళ్లుగా తెలుసు.

ఆమె అక్కా బావా ఒకే ఏడాదిలో పోయారు. అక్క జ్వరంతో పోతే, బావ కొబ్బరిచెట్టు మీంచి పడి పోయాడు. మిగిలింది మూడేళ్ల ఇందుమతి. చావుకి వచ్చిన చుట్టాలందరూ పిల్లని చూసి కళ్లు ఒత్తుకున్నారు, పెద్దకర్మ భోజనాలయ్యాక బస్సు టైము కనుక్కున్నారు. మంగతాయారు కొత్తలంక కాలవగట్టు మీద కొబ్బరితాళ్లు పేనే షెడ్డులో కూలి. మర్నాడు పిల్లని చంకనేసుకునే పనిలోకి వెళ్లింది. తర్వాత రెండు మూడు సంబంధాలు వచ్చాయి గానీ, వచ్చినవాళ్లు "ఆ పిల్లని ఎక్కడైనా దింపేసి రాగలవా?" అన్నారు. ఈమె వాళ్లనే గుమ్మం దగ్గర దింపేసింది.

పిల్ల పెరగడానికి ఇబ్బంది రాలేదు. వచ్చిందల్లా కుటుంబ ధ్రువీకరణ కార్యాలయం వారి ఫారంలో "తల్లి పేరు" అనే గడితోనే.

"అమ్మా మంగతాయారూ, నువ్వు పిన్నివి. గడి తల్లిది" అనేవాడు సూపరింటెండెంటు బుల్లెబ్బాయి. "నిన్ను తీసుకెళ్లి ఆ గడిలో కూచోబెడితే, రేపు ఆడిట్టువాళ్లు నన్ను తీసుకెళ్లి ఎక్కడ కూచోబెడతారో నువ్వే చెప్పు."

"తల్లి లేదు గదండీ!"

"లేకపోయినా ఆవిడే తల్లి. ఉన్నా నువ్వు కాదు. ఆవిడ వచ్చి ఇక్కడ సంతకం పెట్టాలి."

"చచ్చిపోయిందండీ బాబూ."

"అందుకేగా కాయితం పెండింగులో ఉంది!"

బుల్లెబ్బాయి చెడ్డవాడేం కాదు. ఇందుమతి కనిపిస్తే జేబులోంచి చాక్లెట్టు తీసి ఇచ్చేవాడు, ఫారం మాత్రం తిప్పి పంపించేవాడు. బడిలో హెడ్మాస్టరు గారు కళ్లు మూసుకుని చేర్చుకోబట్టి పదో తరగతీ ఇంటర్మీడియట్టూ గట్టెక్కాయి. ఇప్పుడు కాకినాడలో నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. ముప్పయ్యో తారీకు ఉదయం పదింటికల్లా తల్లి ధ్రువపత్రంతో చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పైగా హాస్టల్లో ఒక నిబంధన ఉంది. ఆదివారాలు పిల్లని చూడటానికి, ఆ పత్రంలో పేరున్న తల్లినే గేటు లోపలికి రానిస్తారు. మంగతాయారుకి సీటెంతో ఆ ఆదివారాలూ అంతే. పద్నాలుగేళ్లలో ఆ పిల్ల ముఖం చూడకుండా ఆమె ఒక్క రోజూ అన్నం తినలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రాంతీయ అధికారి తటవర్తి త్రివిక్రమరావు గారు పసిఫిక్ దీవుల నుంచి దిగారు.

ఆయన వెళ్లింది కొబ్బరిపీచు పరిశ్రమను అధ్యయనం చెయ్యడానికి. కుటుంబ ధ్రువీకరణ శాఖకీ కొబ్బరిపీచుకీ ఏమిటి చుట్టరికం అని అడగకండి. పీచు శాఖ అధికారి అదే నెలలో గడియారాల తయారీని అధ్యయనం చెయ్యడానికి ఇంకో దేశం వెళ్లారు కాబట్టి, ఈయన వెళ్లక తప్పలేదు. పదిహేను రోజులు తిరిగి వచ్చారు. పీచు తేలేదు. నోటుపుస్తకం నిండా చుట్టరికాల పేర్లు రాసుకొచ్చారు.

ఆఫీసు ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. కుర్చీలు నింపడానికి తాళ్ల షెడ్డు ఆడవాళ్లని పిలిపించారు. అలా మంగతాయారు ముందు వరసలోనే కూర్చుంది.

"సోదర సోదరీమణులారా!" అన్నారు త్రివిక్రమరావు గారు. "హవాయి దీవులలో తల్లి, తండ్రి, పెద్దమ్మ, పిన్ని, బాబాయి, అత్త, మామ, వీరందరికీ కలిపి ఒక్కటే మాట. మకువా! ఆ పై తరము మొత్తానికి ఇంకొక్క మాట. కుపునా! రెండు మాటలలో రెండు తరములు పరిష్కారమైపోయినవి. మనకో? ఇరవై వరసలు, ఇరవై గడులు, ఇరవై రకముల పెండింగు!"

బుల్లెబ్బాయి చప్పట్లు మొదలుపెట్టాడు. సిబ్బంది అందుకున్నారు.

"న్యూజిలాండు మావోరీ సోదరులకు మతువా అంటే తండ్రి, తండ్రివంటి పెద్ద. మలయా వారు 'ఒరాంగ్ తువా' అంటారు. అనగా పెద్దవయసు మనిషి. కన్న తల్లిదండ్రులన్నా అదే మాట. టోంగాలో మేనత్తను మెహెకితంగా అంటారు. ఆవిడ స్థానము తండ్రికంటెను మిన్న! ఇంకా దూరమున మడగాస్కరులో 'రాయ్ అమన్ డ్రెని' అంటే తల్లీ తండ్రీ. ఊరి పెద్దలను, అధికారులను కూడ వారు అట్లే సంబోధిస్తారు." ఇక్కడ ఆయన గొంతు బొంగురుపోయింది. రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఇన్ని సముద్రములు దాటినా మాటలకు ఒకటే పుట్టిల్లు. ఆ దీవులలో ఎక్కడను నాకు అనాథ అనేవాడు అగుపడలేదు. హోటలు కిటికీలోనుంచి చూచినంత మేరకు."

మళ్లీ చప్పట్లు.

"సమోవాలో ఒక వృద్ధురాలిని ప్రశ్నించితిని, అమ్మా, ఈ బాలికకు తల్లి ఎవరు అని. మేమందరమూ అన్నది. వెంటనే నమోదు చేసుకొంటిని. ఆకలి వేసినప్పుడు ఏ ఇంటికి పోవాలో ఆ పిల్లకే తెలుసులే అని మరేదో కూడ అన్నది గాని, అది పరిపాలనకు సంబంధించిన అంశము కాదు కనుక నమోదు చేసుకోలేదు."

మంగతాయారుకి కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడింది.

"బాబుగారూ, మన్లోనూ అంతేగదండీ! అమ్మకి అక్కయితే పెద్దమ్మ, చెల్లెలయితే చిన్నమ్మ. నాన్న అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న. అందర్నీ అమ్మా నాన్నా అనే కదండీ పిలుత్తాం? దానికి ఓడలెక్కి అంత దూరం ఎల్లాలాండీ?"

త్రివిక్రమరావు గారు జాలిగా నవ్వారు.

"అది వాడుకమ్మా. వాడుకకు ఉత్తర్వు లేదు. దీనికి పర్యటన నివేదిక ఉన్నది."

ఆ మర్నాడే ఉత్తర్వు అరవయ్యొకటి వచ్చింది. తల్లిదండ్రుల తరంలో ఉన్న చుట్టాలందరూ ఇకమీదట సమానంగా తల్లిదండ్రులే. తరాన్ని వరసని బట్టి లెక్కించాలి గానీ వయసుని బట్టి కాదు. ప్రతి విచారణలోనూ మేనత్తని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాలి. తొమ్మిదో అంశం ప్రకారం అధికారులు ప్రజలకు తల్లిదండ్రులుగా పరిగణింపబడుదురు. పద్నాలుగో అంశం ప్రకారం తల్లిదండ్రుల తరం వారికి ఎటువంటి అసౌకర్యమూ కలిగించరాదు, ముఖ్యంగా నిద్రాభంగము చేయరాదు.

మంగతాయారు పెట్టెలోంచి పెళ్లిళ్లకి కట్టే చీర తీసి కట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. ఆమె సంతోషం చూడాలి! దారిలో కనిపించిన ప్రతివాళ్లకీ "కాయితం కోసం ఎల్తన్నా" అని చెప్పుకుంటూ వెళ్లింది. షావుకారు కొట్టు దగ్గర ఆగి, ఏమీ కొనకుండా ఆయనకీ చెప్పింది.

"శుభాకాంక్షలు" అన్నాడు బుల్లెబ్బాయి లేచి నిలబడి. "ఈ రోజు నుంచీ నువ్వు తల్లివి. ఇదిగో, మిగతా తల్లుల పేర్లు కూడా రాయి."

"మిగతా తల్లులేటండీ?"

"సమాన తల్లులమ్మా. వాళ్లందరూ స్వయంగా వచ్చి, అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. ఒక్క తల్లి తగ్గినా ఫారం చెల్లదు. ఇన్నాళ్లూ నీకు ఒక్క తల్లి సంతకమే దొరకలేదు కదా. ఇప్పుడు బోలెడంతమంది!"

ఇద్దరూ కూర్చుని లెక్క తేల్చారు. అక్క తోడికోడళ్లు ముగ్గురు. తల్లివైపు, తండ్రివైపు వేలువిడిచిన పెద్దమ్మలూ పిన్నులూ ఆరుగురు. మంగతాయారు. మొత్తం పది. పదకొండో ఆవిడ పేరు రాసేటప్పుడు బుల్లెబ్బాయి కలం ఆగింది.

"లాస్య. వయసు అయిదా? యాభై అయిదా?"

"అయిదేనండీ. మా చిన్నాన్న అరవయ్యో ఏట మళ్లీ పెళ్లాడాడు గదండీ, ఆళ్ల పిల్ల. నాకు చెల్లెలు. ఇందుకి పిన్నవుద్ది."

బుల్లెబ్బాయి ఉత్తర్వు తిరగేశాడు. వయసుని బట్టి కాదని స్పష్టంగా ఉంది. "తల్లి, వయసు అయిదు" అని రాసి, ఆ పేరు చివర గౌరవంగా "గారు" చేర్చాడు.

ఇందుమతి తండ్రికి అక్కచెల్లెళ్లు లేరు. మేనత్త లేనిదే విచారణ జరగదు. కాబట్టి రికార్డుల గదిలో పనిచేసే రమణమ్మని ఇన్‌ఛార్జి మేనత్తగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆవిడకి ఎత్తు కుర్చీ వేసి, కాళ్లు నేలకి అందక ఊగుతుంటే స్టూలు కూడా మంజూరు చేశారు.

మంగతాయారు పని మానుకుని తల్లుల్ని పోగుచెయ్యడానికి బయల్దేరింది. పద్నాలుగేళ్లలో పిల్లకి జ్వరమొస్తే ఒక్కరూ కబురు పెట్టలేదు గానీ, సర్కారు కాగితంలో పేరుందనేసరికి అందరికీ మాతృప్రేమ పొంగుకొచ్చింది. "ఇందూ ఎలా ఉందే? ఎన్నో క్లాసు?" అని అడిగింది ఒకావిడ. "చిన్నప్పుడు నేను ఎత్తుకున్నాను, నా చీర తడిపేసింది" అని గుర్తుచేసుకుంది ఇంకొకావిడ. అందరిలోకీ పెద్ద తల్లి మండపేట సత్యవేణి. ఇందుమతి పెదనాన్న భార్య. రైసుమిల్లు ఉంది, ముగ్గురు కొడుకులున్నారు, ఆడపిల్ల లేదు.

"నేను రాకపోతే ఎలా మంగా?" అంది సత్యవేణి. "దాని మీద నాకు ప్రాణం. ఇంతకీ దాని పేరు ఇందుమతా, ఇందుప్రియా?"

ఈలోగా ఊళ్లో ఉత్తర్వు తన పని తాను చేసుకుపోతోంది.

ఆ శాఖలో తండ్రి పోయిన ఉద్యోగికి పదకొండు రోజుల కర్మ సెలవు ఉంది. ఇప్పుడు తలా ఇరవై మంది తండ్రులు. రెండో వారంలో ఊళ్లో తొంభై ఏళ్ల సుబ్బారాయుడు గారు పోయారు. లెక్కలు తీస్తే ఆఫీసులో పద్నాలుగుమందికి గాను తొమ్మిదిమందికి ఆయన తండ్రి వరస. తొమ్మిదిమందీ గుండ్లు గీయించుకుని సెలవు చీటీలు రాశారు. వాళ్లు తిరిగి వచ్చేలోగా ఇంకో తండ్రి పోయాడు. బుల్లెబ్బాయికి ఒకే నెలలో రెండు గుండ్లు పడ్డాయి. రెండోసారి తీయడానికి తల మీద ఏమీ లేదు. అయినా సెలవు మంజూరుకి క్షవరం ధ్రువపత్రం కావాలి కనుక, మంగలి ఉత్తి తల మీదే కత్తి ఆడించి పత్రం రాసిచ్చాడు. ఊళ్లో ఎవరికైనా దగ్గు వస్తే చాలు, ఆఫీసులో "ఆయన మనకి ఏమవుతారు?" అని ఆశగా ఒకరినొకరు అడిగేవారు.

త్రివిక్రమరావు గారి పరిస్థితి ఇంకా విశేషం. తొమ్మిదో అంశం ఆయన తన చేత్తో, ప్రేమగా రాసుకున్నది. మొదట్లో జనం కాళ్లకి దండం పెడుతుంటే ఆయన కళ్లు చెమర్చేవి. శ్రావణమాసం వచ్చేసరికి జనానికి ఆ అంశంలోని అసలు లాభం తెలిసింది. తండ్రన్నాక కన్యాదానం చెయ్యాలి కదా! ఒకే ముహూర్తానికి ఏడు పెళ్లిళ్లకి ఆయన్నీ ఆయన భార్యనీ పీటల మీద కూర్చోబెట్టారు. ఆ దంపతులు కారులో ఊరంతా తిరిగి ఏడుగురు అల్లుళ్ల కాళ్లు కడిగారు. వారం తిరక్కుండానే ఏడుగురు అల్లుళ్లూ ఆయన బంగళా వరండాలో అలకపాన్పు ఎక్కారు. మోటారు సైకిళ్లు కొంటే గానీ దిగేది లేదన్నారు. వాళ్లకి మూడు పూటలా వండి వడ్డించలేక ఆవిడ పుట్టింటికి వెళ్లిపోయింది. "తొమ్మిదో అంశం అల్లుళ్లకు వర్తించదు" అని ఆయన సవరణ ఇచ్చారు. "మామగారి మాటకి అలిగాం" అని వాళ్లు పరుపులు కూడా తెప్పించుకున్నారు.

ఇన్ని జరుగుతున్నా తేదీలు ఆగవు. ఇరవైతొమ్మిదో తారీకు మధ్యాహ్నం రెండింటికి పదకొండుమంది తల్లులూ ఆఫీసు హాల్లో హాజరయ్యారు. త్రివిక్రమరావు గారు అధ్యక్షత వహించారు. బుల్లెబ్బాయి గుండు మీద రుమాలు వేసుకుని మినిట్సు రాస్తున్నాడు. ఎత్తు కుర్చీలో ఇన్‌ఛార్జి మేనత్త రమణమ్మ సోడా తాగుతోంది. ఇందుమతి ట్రంకుపెట్టెతో సహా వచ్చి గోడవార కూర్చుంది. పత్రం చేతికి రాగానే ఆరింటి కాకినాడ బస్సు ఎక్కాలి.

సంతకాలన్నీ అయ్యాయి. లాస్య గారు సంతకం బదులు ఏనుగు బొమ్మ వేశారు. దాన్ని అంగీకరించారు. మంగతాయారు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు కంప్యూటరు ముందున్న గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"సార్, తల్లి గడి ఒక్కటే ఉందండి. ఇరవైనాలుగు అక్షరాలే పడతాయి."

"గడులు పెంచండి."

"అది రాజధానిలో తయారైందండి. మనం పెంచలేం."

త్రివిక్రమరావు గారు కాసేపు సీలింగు ఫ్యానుకేసి చూశారు.

"సమానులైన తల్లులలో ప్రథమురాలిని ప్రజాస్వామ్యయుతముగా ఎన్నుకొందము. ప్రధాన మాత! మిగతా వారు సభ్య మాతలు. పోటీ చేయదలచినవారు చేయి ఎత్తవలసినది."

మంగతాయారు ఆలోచించకుండా చెయ్యెత్తింది. ఇంకో చెయ్యి కూడా లేచింది. దానికి ఎనిమిది బంగారు గాజులున్నాయి.

"అక్కా, నువ్వెందుకు?" అంది మంగతాయారు.

"ఎందుకేమిటి? నేను పెద్దమ్మని కాదా?" అంది సత్యవేణి. "మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టించేశాను. 'కన్నతల్లిని మించిన తల్లి, మన సత్యవేణమ్మ' అని. ఇప్పుడు ఓడిపోయి ఏ మొహం పెట్టుకుని వెళ్లనే? మా వియ్యపురాలు దాని కిందే బస్సెక్కుతుంది."

ప్రసంగాలకి తలా అయిదు నిమిషాలు ఇచ్చారు. సత్యవేణి ప్రసంగించలేదు, పది స్టీలు క్యారేజీలు పంచింది. మంగతాయారు లేచి, చెప్పడానికి ఏమీ తోచక, "ఇందుకి పచ్చిమిరపకాయ పడదండీ. కడుపు నొప్పొస్తుంది. ఎవరు గెలిసినా హాస్టల్లో ఆ మాట సెప్పాలి" అని కూర్చుంది. "అభ్యర్థిని ఎజెండాలో లేని విషయం ప్రస్తావించారు" అని బుల్లెబ్బాయి రాసుకున్నాడు.

చేతులెత్తమన్నారు. సత్యవేణికి అయిదు. మంగతాయారుకి అయిదు.

పదకొండో తల్లి ఎక్కడని వెతికితే, లాస్య గారు బెంచీ మీద రెండు ఫైళ్లు తలకింద పెట్టుకుని గాఢంగా నిద్రపోతున్నారు.

"అది నాకే ఏత్తాదండీ!" అంది మంగతాయారు. "పొద్దున్నే సెప్పింది. లేపుతానుండండి."

"ఆగు!" అన్నాడు బుల్లెబ్బాయి, నిజంగా కంగారుపడి. "పద్నాలుగో అంశం. తల్లి తరం వారికి నిద్రాభంగం చెయ్యకూడదు."

"అయిదేళ్ల పిల్లండీ బాబూ!"

"వయసుతో నిమిత్తము లేదు" అన్నారు త్రివిక్రమరావు గారు. "ఈ నియమము మన పెద్దల గౌరవార్థము ఏర్పడినది. ఒక తల్లి ఓటు కొరకు ఇంకొక తల్లిని నిద్ర లేపుట ఏ దీవిలోను జరగదు."

మంగతాయారు దగ్గింది. తుమ్మింది. ట్రంకుపెట్టె మూత దభాలున వేసింది. లాస్య గారు అటు తిరిగి పడుకున్నారు. చప్పుడు చేయరాదని బుల్లెబ్బాయి హెచ్చరిక జారీ చేశాడు.

"మరి మేనత్తని తీర్పు చెప్పమనండి" అంది మంగతాయారు ఆఖరి ఆశగా.

రమణమ్మ సోడా సీసా కింద పెట్టి, "నాకయితే..." అని మొదలుపెట్టింది.

"ఇన్‌ఛార్జిలు విధానపరమైన నిర్ణయాలు తీసుకోరాదు" అన్నారు త్రివిక్రమరావు గారు. రమణమ్మ మళ్లీ సీసా ఎత్తింది.

గోడ గడియారం నాలుగున్నర చూపించింది. ఓట్లు సమానమైతే ఫైలు రాజధానికి వెళ్తుందని, అక్కడ మాతృ వివాదాల విభాగం కొత్తగా పెట్టారని, మూడు నెలల్లో తప్పకుండా సమాధానం వస్తుందని త్రివిక్రమరావు గారు వివరించారు. రేపు పది తర్వాత ఆ సమాధానంతో చేసుకునేది ఏమీ లేదు. అయిదింటికి మళ్లీ ఒకసారి ఓటింగు పెడతామన్నారు.

మంగతాయారు సత్యవేణి దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చుంది.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. కాయితం నీకేం పనికొత్తాదే? ఆదివారాలు నువ్వెల్తావా?"

"కుదిరితే వెళ్తాను" అంది సత్యవేణి. ఆవిడ ముఖం కొంచెం ఇబ్బందిగానే ఉంది. "ఫ్లెక్సీ కట్టకముందు అడగాల్సింది మంగా. ఇప్పుడు ఊరంతా చూసేసింది."

మంగతాయారు లేచి ఇందుమతికేసి చూసింది. ఆ పిల్ల ట్రంకుపెట్టె మీద కూర్చుని, నర్సులు పెట్టుకునే గడియారం చేతికి కాక గౌనుకి ఎందుకు గుచ్చుకుంటారో పక్కన కూర్చున్న ఒక సభ్య మాతకి వివరిస్తోంది. ఆ సంగతి నెల రోజులుగా కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది. మంగతాయారుకి ఏడవాలనిపించింది గానీ, గడియారం అయిదు కొట్టింది.

"సత్యవేణి గారిని బలపరచేవారు" అన్నారు అధ్యక్షుల వారు.

అయిదు చేతులు లేచాయి. ఒక్క క్షణం తర్వాత ఆరో చెయ్యి లేచింది. తాళ్లు పేని పేని అరచెయ్యంతా గట్టిపడిన చెయ్యి. మంగతాయారు దాన్ని దించలేదు, బుల్లెబ్బాయి రెండుసార్లు లెక్కపెట్టేదాకా అలాగే ఉంచింది.

ఇందుమతి గబుక్కున లేచింది. "అదేంటి? నువ్వెందుకెత్తావ్?" అంటూ పరుగెత్తుకొచ్చింది.

"నోరు మూసుకుని బస్సు టైము సూడు" అంది మంగతాయారు.

చప్పట్లు మోగాయి. సత్యవేణికి పూలదండ వేశారు. ఆ చప్పట్లకి లాస్య గారు లేచి కూర్చుని, కళ్లు నులుముకుంటూ, "నేను మంగక్కకే!" అని రెండు చేతులూ ఎత్తారు. "తల్లిగారు సమావేశానంతరం మేల్కొన్నారు" అని బుల్లెబ్బాయి నమోదు చేశాడు. సత్యవేణి అందరికీ దండం పెట్టి, మండపేటలో ఊరేగింపుకి టైమైందని కారెక్కి వెళ్లిపోయింది.

పత్రం అచ్చయి వచ్చింది. తల్లి: సత్యవేణి. కింద చిన్న అక్షరాలతో ఒక గమనిక ఉంది. త్రివిక్రమరావు గారు చెబుతుంటే గుమాస్తా కొట్టినది. ఇందుమతి దాన్ని పైకి చదివింది.

"పోటీ చేసిన మంగతాయారు అను మహిళ, ఎన్నికలో తనకు తానే వ్యతిరేకముగా ఓటు వేసుకొన్నందున, సదరు బాలికపై ఆమెకు మాతృభావము లేనట్లు నిర్ధారించి, సభ్య మాతల జాబితానుండి కూడ ఆమె పేరు తొలగించడమైనది."

ఇందుమతి కాగితాన్ని రెండు ముక్కలు చేసేలాగే పట్టుకుంది. మంగతాయారు దాన్ని మెల్లగా లాక్కుని, మడత పడకుండా ట్రంకుపెట్టెలో బట్టల మధ్య పెట్టింది.

"అయిపోయినట్టేనాండీ? మేం ఎల్లొచ్చా?" అంది.

"ఒక్క సంతకం" అన్నాడు బుల్లెబ్బాయి. ముఖం చూడలేక రిజిస్టరుకేసే చూస్తున్నాడు. "పత్రం అందినట్టు. ప్రధాన మాత గారు వెళ్లిపోయారు కాబట్టి ఎవరో ఒకరు తీసుకోవాలి. ఇక్కడ పేరు. ఈ గడిలో బాలికతో సంబంధం ఏమిటో రాయాలి."

కలం అందించబోయి ఆగాడు. జాబితాలో లేని మనిషి ఆ గడిలో ఏం రాసినా రేపు ఆడిట్టులో అడుగుతారు. తనే కలం తీసుకుని, గుండు మీద రుమాలు సర్దుకుని, గుండ్రటి అక్షరాలతో "ఏ సంబంధమూ లేదు" అని రాశాడు. మంగతాయారు ఆ మాట కింద సంతకం చేసి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, ఇందుమతి చెయ్యి పట్టుకుని కాకినాడ బస్సు కోసం పరుగెత్తింది.